మరుభూమిలో శమీదర్శనము

రాజస్థాన యాత్రలో సకుటుంబముగా కారులో తాల్ ఛాపర్ అభయారణ్యమును దర్శించితిమి. ఆ గడ్డిమైదానమున కృష్ణమృగములు నిర్భయముగా మేయుచుండెను. కృష్ణమృగము సంచరించు దేశమే ధర్మాచరణకు యోగ్యమని యాజ్ఞవల్క్య స్మృతి పేర్కొనును.

ఆ వచనాంతర్యము జోధ్‌పూర్ సమీపమున గల ఖేజర్లీ గ్రామమున స్ఫురించినది. 1730లో రాజభటులు అచ్చటి ఖేజ్రీ వృక్షములను నఱుకవచ్చినప్పుడు, జీవరక్షణ వ్రతులైన బిష్ణోయీలు అమృతాదేవి మొదలుగా 363 మంది చెట్లను కౌగిలించుకొని ప్రాణములర్పించిరి. ఖేజ్రీ యనగా మన శమీవృక్షమే.

“మన ఊరిలో జమ్మిచెట్టు ఒక్కటే మిగిలింది కదా, నాన్నగారూ!” అని మా అమ్మాయి అన్నది. విజయదశమినాడు ఊరంతయు దానికే ప్రదక్షిణము చేసి, దాని ఆకులనే కోసికొనును. రక్షణ లేని పూజ అసంపూర్ణము. ఈ యేడు శమీపూజానంతరము ఆలయ ప్రాంగణమున జమ్మిమొక్క నాటుటకు సంకల్పించితిమి. భక్తులారా, మీ గ్రామమునందును నాటుడు.