గట్టిపడకముందే చెప్పాలి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో కట్టడాలు కట్టే కంపెనీలకు సరుకులో పెద్ద తేడా ఉండదు. సిమెంటు మేళ్లచెరువు, మఠంపల్లి వైపు నుంచే వస్తుంది. మేస్త్రీలూ వాళ్లే. ఈ ఏడు ఒకరి దగ్గర, వచ్చే ఏడు మరొకరి దగ్గర. అయినా ఒక కంపెనీ గడువులోగా పని అప్పజెప్పి నాలుగు రూపాయలు మిగుల్చుకుంటుంది. ఇంకొకటి పగలగొట్టి మళ్లీ కట్టడంలోనే లాభమంతా పోగొట్టుకుంటుంది. ఈ తేడా ఎక్కడ పుడుతుందో సైటు ఇంజనీరుగా ఇద్దరు మేనేజర్ల దగ్గర పనిచేశాక నాకు తెలిసింది.

మొదటాయన కోదాడలో. పనిలో దిట్ట. డ్రాయింగు చూడగానే తప్పు పట్టేవాడు. కానీ సమస్య ఎవరు చెబితే వాళ్లకే తిట్లు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం స్లాబు మధ్యలో కాంక్రీటు కలిపే మిల్లర్ ఆగిపోయింది. ఫోన్ చేయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. తలో చెయ్యీ వేసి దాన్ని నడిపించేసరికి, పోసిన కాంక్రీటు అంచు బిగుసుకుపోయింది. దాని పక్కనే కొత్తది పోసి పైన నున్నగా తాపీ తిప్పారు. మొదటి వానలకు సరిగ్గా ఆ గీత వెంబడే సీలింగు చెమ్మగిల్లింది. మరమ్మతు ఖర్చు మీదపడింది, బిల్లు ఆగింది. మిల్లర్ బాగుకు అయింది కొద్దిపాటి సొమ్మే. ఫోన్ చేయడానికి జంకినందుకే ఎక్కువైంది.

సాధారణ సిమెంటు 30 నిమిషాల కంటే ముందే బిగుసుకోవడం మొదలు కాకూడదనీ, 600 నిమిషాల్లోపు ఆ పని పూర్తి కావాలనీ మన ప్రమాణాలు చెబుతాయి. చెడు కబురుదీ అదే గుణం. తడిగా ఉన్నప్పుడు తాపీతో సరిపోతుంది, గట్టిపడ్డాక డ్రిల్లు మిషను తేవాలి.

రెండో ఆయన మిర్యాలగూడలో ఒక గోదాము పని చూసేవాడు. పొద్దున్నే మేస్త్రీతో కలిసి టీ తాగుతూ, “ఇయ్యాల యాడ ఇబ్బందైతది మేస్త్రీ?” అని అడిగేవాడు. “వైబ్రేటర్ ఆగి ఆగి నడుస్తంది సార్” అంటే, అద్దెకు ఇంకోటి వచ్చేదాకా పోత మొదలుపెట్టనిచ్చేవాడు కాదు. అలాగని మెతక మనిషేం కాదు. కాంక్రీటు సులువుగా జారాలని ఎవరైనా అదనంగా బకెట్ నీళ్లు పోయబోతే చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఎక్కువైన నీరు ఆరిపోయిన చోట సన్నటి రంధ్రాలు మిగిలి బలం తగ్గుతుందని కూలీకి అర్థమయ్యేలా చెప్పేవాడు. వారం బట్వాడా ఎవరూ అడగకముందే ఇచ్చేవాడు. సాగర్ ఎడమ కాలువకు నీళ్లొదిలి నాట్లు మొదలైతే ఈ పక్క సైట్లకు మనుషులు దొరకడం కష్టం. ఆయన సైటులో మాత్రం పని ఆగేది కాదు.

ఆ కాలువకు నీళ్లిచ్చే నాగార్జున సాగర్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది, 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. 124 మీటర్ల ఎత్తున్న ఆ ఆనకట్ట ప్రధానంగా రాతికట్టడం. వేలాది కూలీలు రాయి మీద రాయి పేర్చి లేపింది. ప్రతి రాయి కిందా తగినంత మాలు పడిందో లేదో ఏ ఇంజనీరూ తన కళ్లతో చూడలేడు. అది రాయి పెట్టిన మనిషికే తెలుస్తుంది. అతను నోరు విప్పగలిగితేనే పైవాడికి తెలుస్తుంది. జపాన్ టొయోటా ఫ్యాక్టరీల్లో లోపం కనిపించగానే కార్మికుడే లైను ఆపే ఏర్పాటు ఉన్నది ఇందుకే.

భయపెడితే పని వేగంగా సాగుతుందని వాదించేవాళ్లున్నారు. సాగుతుంది, కంటికి కనిపించే మేరకు. కట్టడంలో సగం పని ప్లాస్టరింగు వెనుక, పునాదిలో, కాంక్రీటు లోపల దాగి ఉంటుంది. అక్కడికి మేనేజరు గొంతు చేరదు, మేస్త్రీ నిజాయితీ మాత్రమే చేరుతుంది.

ఇప్పుడు కొత్త సైటుకు వెళితే రిజిస్టర్ల కంటే ముందు ఒకటి గమనిస్తాను: అక్కడ జరిగిన పొరపాటు మేనేజరు చెవిన పడడానికి గంట పడుతోందా, నెల పడుతోందా అని. ఆ కంపెనీ లాభనష్టాలు నాకు అక్కడే సగం తెలిసిపోతాయి.