రేవు లేని ఊరి పడవలు

పారిస్‌లో రైలెక్కి ల హావ్ర్‌లో దిగి, అక్కడి నుంచి బస్సులో ఎత్రెతా చేరాను. క్లోద్ మోనే చిత్రాల్లో పడవలు వెలుగును చూపడానికి దొరికిన సాకు మాత్రమేనని కళా విమర్శలో బాగా నలిగిన మాట. ఆయన ఆ పడవలను వేసిన ఈ ఒడ్డు చూశాక అందులో సగమే నిజమనిపించింది. రెండు సుద్దకొండల మధ్య వంపు తిరిగిన తీరం; ఇసుక లేదు, అన్నీ గులకరాళ్లే. అల వెనక్కి పోయేటప్పుడు గలగలమని దొర్లుతాయి. రేవు లేదు కనుక పడవను నీళ్లలో కట్టేసి ఇంటికి పోవడం ఆనాటి జాలరులకు కుదిరేది కాదు. నిలువుగా పాతిన ఇరుసుకు అడ్డకర్రలు తొడిగి, దాని చుట్టూ తిరుగుతూ తాడు చుట్టి, పడవను ఒడ్డు మీదికి లాగేవారు. వేటకు పనికిరాకుండా పోయిన పడవలకు కప్పు వేసి వలలు, సామాను దాచుకునేవారు. వాటిని కాలోజ్‌లు అంటారు. మోనే 1885లో వేసిన, ఇప్పుడు షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న చిత్రంలో రంగురంగుల పడవల పక్కనే తారు పూసిన పలకలతో ఈ కాలోజ్‌లు నల్లగా కూర్చుని ఉంటాయి. అందం కోసమే అయితే వాటిని వదిలేయడం ఎంత పని?

మోనే ఆ చిత్రాన్ని వానకు తడవకుండా హోటల్ కిటికీలోంచి వేశాడు, జాలరుల కష్టం ఆయనకేం తెలుసని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఈ ఒడ్డును వేసిన ఆయన కాన్వాసుల్లో మనుషులు కనిపించినా చుక్కలంతే. పేదరికం మీద ఆయనేమీ వాదించలేదు. కానీ ఆయన ఇక్కడికి వచ్చింది స్నానాల సీజన్ ముగిశాక. షికారుకొచ్చిన జనం వెళ్లిపోయి, ఒడ్డు మళ్లీ జాలరుల చేతికొచ్చే రోజులవి. ఇక వెలుగు పక్షం వారికి గట్టి సాక్షి రచయిత మొపాసా. ఒకే దృశ్యాన్ని వేర్వేరు వేళల్లో పట్టిన కాన్వాసులను పిల్లలు మోస్తూ మోనే వెంట నడిచేవారని ఆయన 1886లో రాశాడు. కొండ విషయంలో ఆ పద్ధతి సాగుతుంది, రేపు ఇదే వేళకు వస్తే అక్కడే ఉంటుంది. పడవ అలా కాదు. పోటు చూసుకుని వేటకు పోతుంది, తిరిగొచ్చాక మరోచోట ఒరుగుతుంది. పడవలను వేయాలంటే ఎండ వేళలతోపాటు వేట వేళలూ పట్టించుకోక తప్పదు. ఈనాడు ఒడ్డున ఉన్న కాలోజ్‌లు యాత్రికుల కోసం మళ్లీ కట్టినవి. పనిలో ఉన్న పడవల మధ్య అసలువి ఎలా ఒదిగేవో చూడాలంటే షికాగో వెళ్లాలి.