నీళ్ళు పోయని గోబిగడ్డ

వార్షికోత్సవ సంచికకు పూర్వ విద్యార్థులుగా ఏదైనా రాయమని తమ్ముళ్ళు కబురు పెడితే మేము ఏడుగురం ఒక ఆదివారం కూర్చొని ఆలోచించాం. చదువు విలువ గురించి రాద్దామని ఒకరు, క్రమశిక్షణ గురించి రాద్దామని ఒకరు అన్నారు. ఆ రెండింటి మీద ఎట్లాగూ పెద్దలు రాస్తారు. చివరికి మాలో ఒకడు "గోబిగడ్డ గురించి రాద్దాం" అన్నాడు. అందరం పగలబడి నవ్వాం. నవ్వు ఆగినాక మాత్రం కాసేపు ఎవ్వరం మాట్లాడలేదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మేము 2003-04లో ఈ హాస్టల్లో ఉండి పదో తరగతి చదివిన వాళ్ళం. అప్పటికి ఉమ్మడి రాష్ట్రం. జిల్లాలు విడిపోవడం 2016 నాటి మాట. మాలో కొందరిది దేవరకొండ, మునుగోడు వైపు. కొందరిది కల్వకుర్తి, అచ్చంపేట వైపు. జిల్లాలు వేరైనా బతుకులు ఒక్కటే. వానలు పడకుంటే అమ్మానాన్నలు మూట కట్టుకొని బొంబాయికో, పూణెకో, పట్నానికో పోయేవాళ్ళు. మేము ట్రంకు పెట్టె, సత్తు పళ్ళెం, గ్లాసు పట్టుకొని హాస్టలుకు వచ్చేవాళ్ళం.

మా ఇళ్ళల్లో కూర అంటే పుంటికూర, చింతచిగురు, చిక్కుడుకాయ, బీరకాయ. ఏదీ లేనినాడు పచ్చిపులుసు. గోబిగడ్డ అంటే పట్నపోళ్ళు తినేది. అందుకే హాస్టల్లో మొదటిసారి గోబిగడ్డ కూర అన్నప్పుడు మేమెంతో సంబరపడ్డాం. ఆ సంబరం మొదటి ముద్దతోనే పోయింది.

చలికాలం వచ్చిందంటే గోబిగడ్డ అగ్గువ అవుతుంది. బస్తాల్లో వేసి ఎంత దూరమైనా తేవచ్చు, ఆకుకూర లాగా సాయంత్రానికే వాడిపోదు. కాబట్టి వారానికి మూడు నాలుగు రోజులు అదే. పెద్ద పెద్ద తునకలు, పసుపు నీళ్ళు, పైన తేలే నాలుగు ఆవాలు. వంటగదిలో మూత తీస్తే తరగతి గది దాకా వాసన వచ్చేది. మేము దానికి "గోబి చెరువు" అని పేరు పెట్టాం. ఆ చెరువులో ఈత కొట్టని విద్యార్థి లేడు.

2004 జనవరిలో, సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయి సకినాలు తిని వచ్చిన వారంలోనే ఆ సంగతి జరిగింది. రాత్రి భోజనంలో మళ్ళీ అదే కూర. మాలో ఒకడు పళ్ళెం బోర్లించాడు. చూస్తుండగానే నలభై పళ్ళేలు బోర్లా పడ్డాయి. వాటిని మోగించుకుంటూ రోడ్డు మీదికి పోయి కూర్చున్నాం. తెల్లారి పై అధికారి ఒకరు వచ్చారు. "ఏంది మీ బాధ?" అని అడిగారు. "కూర బాగా లేదు సార్" అన్నాం. అంతే అన్నాం. నూనె ఎంత వస్తుంది, కూరగాయలు ఎట్లా వస్తాయి, వందమందికి ఎందరు వండుతారు అని మేమూ అడగలేదు, ఆయనా అడగలేదు. వంటచేసే పెద్దమ్మ వైపు తిరిగి, "వండడం రాకుంటే ఇంటికి పో" అన్నారు. పెద్దమ్మ కొంగు నడుముకు చుట్టుకొని తల వంచుకొని నిలబడింది. మేము గెలిచామనుకున్నాం.

ఆ ఆదివారం పొద్దున పెద్దమ్మ మమ్మల్ని వంటగదికి పిలిచింది. తిడుతుందని భయపడుతూ పోయాం. ఆమె తిట్టలేదు. ఒక సీసా మా ముందు పెట్టింది. అందులో అర లీటరు నూనె ఉంది.

"ఇగో బిడ్డా, ఒక్క పూటకు నూరు మందికి వచ్చే నూనె ఇది. కూరకూ ఇదే, పప్పు పోపుకూ ఇదే. ఎట్ల పంచాల్నో మీరే చెప్పుండ్రి. లెక్కలు సదువుకునేటోళ్ళు గద" అన్నది.

లెక్క చేశాం. ఒక్కొక్కరికి అయిదు మిల్లీలీటర్లు, అంటే ఒక చిన్న చెంచా. ఇన్ని నెలలుగా తిడుతున్న కూర వెనుక ఉన్న లెక్క మాకు ఆనాడు తెలిసింది. మాలో ఒకడు మాత్రం ధైర్యం చేసి, "పెద్దమ్మా, మరి అంత నీళ్ళెందుకు పోస్తవు?" అన్నాడు. ఆమె నవ్వింది.

"గోబిగడ్డకు నీళ్ళెందుకురా? దాన్ల ఉన్న నీళ్ళే ఎక్కువ. పన్నెండు కిలోలు ఒక్క బగోనల కుక్కితే అది ఏగది, ఉడుకుతది. అడుగంటకుంట నీళ్ళు పోస్త. నూనె తక్కువైతే ఏపుడు కాదని కాదు బిడ్డా. ఎడం లేకనే కాదు."

ఈ మాట మాకు పెద్దయ్యాక ఇంకా బాగా అర్థమయింది. గోబిగడ్డలో నూటికి తొంభై పాళ్ళకు పైగా నీరే. ఇరుకు గిన్నెలో నింపి మూత పెడితే ఆ నీరు బయటికి వచ్చి ఆవిరిగా పోయే దారి లేక అక్కడే మరుగుతుంది. ఎక్కువసేపు ఉడికితే దానిలోని గంధకపు పదార్థాలు విడిపోయి ఆ ముక్కు మూసుకునే వాసన వస్తుంది. అదే వెడల్పు కడాయిలో పలుచగా పరిచి పెద్ద మంట మీద వేయిస్తే నీరు ఎగిరిపోయి, దానిలోని చక్కెర అంచుల్లో ఎర్రబడి తియ్యగా అవుతుంది. కూరగాయ ఒకటే, పొయ్యి ఒకటే. ఎడం ఉండడం, లేకపోవడమే తేడా.

ఆ పొద్దున పెద్దమ్మ ఒక గోబిగడ్డ తీసుకొని మా ముందే వేయించింది. ఆమె చేసిన తీరు మీ కోసం ఇక్కడ రాస్తున్నాం. అయిదారుగురికి సరిపోతుంది.

కిలో గోబిగడ్డ తీసుకోవాలి. పై ఆకులు రెండు తీసేసి, నాలుగు చెక్కలు చేసి, ముందే కడగాలి. కోసినాక కడిగితే నీళ్ళు లోపల నిలుస్తాయి. నీళ్ళు వాడ్చి, బట్టతో తుడిచి, సన్నగా దారాల్లాగా తరగాలి. వెడల్పాటి ఇనుప కడాయి బాగా కాగినాక మూడు పెద్ద చెంచాల నూనె పోసి, ఒక చెంచా శనగపప్పు, అర చెంచా ఆవాలు, అర చెంచా జీలకర్ర, తుంచిన ఎండుమిరపకాయలు నాలుగు వేయాలి. చిటపటలు ఆగినాక దంచిన ఎల్లిపాయలు ఏడెనిమిది, కల్యామాకు రెండు రెబ్బలు, చిటికెడు పసుపు. అప్పుడు గోబిగడ్డ సగం మాత్రమే వేసి పరచాలి. మంట పెద్దగానే ఉంచాలి. మూత పెట్టవద్దు. ఊరికే కలపవద్దు. రెండు నిమిషాలు కదపకుండా వదిలి, అడుగు ఎర్రబడినాక తిప్పాలి. అది కొంచెం తగ్గి ఎడం అయినాక మిగతా సగం వేయాలి.

ఉప్పు ముందే వేయవద్దు. ఉప్పు పడితే నీరు ఊరుతుంది. పది, పన్నెండు నిమిషాలకు అంచులు ఎర్రగా, లోపల కొంచెం కరకరలాడుతుండగా ఉప్పు, అర చెంచా కారం వేయాలి. దించే ముందు వేయించి దంచిన పల్లీల పొడి రెండు చెంచాలు చల్లాలి. పాలమూరు పిల్లల ఇళ్ళ నుంచి పల్లీలు ఎట్లాగూ వచ్చేవి. జొన్నరొట్టెలోకి, పప్పుచారు అన్నంలో నంజుకోవడానికి దీనికి మించింది లేదు.

ఇంకో మాట. మా వైపు బోరు నీళ్ళ సంగతి మీకు తెలుసు. నల్లగొండ పేరు చెప్తే ఫ్లోరైడ్ గుర్తొచ్చే రోజులవి. నీళ్ళు మరిగించినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, మరిగి తగ్గినకొద్దీ చిక్కబడుతుంది. ఆ నీళ్ళు పోయకుండా అయ్యే కూర ఒకటుందని తెలిసినందుకే మాకు ఎంతో సంతోషమయింది.

ఆ వేపుడు పదిమందిమి చేతుల్లో పెట్టుకొని నిలబడే తిన్నాం. మొన్న బోర్లించిన పళ్ళేలు గుర్తొచ్చి ముద్ద గొంతులో ఆగింది. అయినా "తప్పయింది పెద్దమ్మా" అని మాలో ఒక్కరం కూడా అనలేదు. "మేము కోసిపెడతాం, ఆదివారం అందరికీ ఇట్లనే చేస్తవా?" అని మాత్రం అడిగాం. పిల్లలతో పని చేయిస్తున్నారనే మాట వస్తుందని వార్డెన్ సారు ముందు వద్దన్నారు. చదువుకు అడ్డం రాకుండా నెలకు ఒక్క ఆదివారం చేసుకుంటామంటే ఒప్పుకున్నారు. బస్టాండు దగ్గర మిర్చిబండి ఆయనను బతిమాలి రెండు పెద్ద కడాయిలు తెచ్చాం. పన్నెండు కిలోలు, వాయికి కిలోన్నర, ఎనిమిది వాయిలు. రెండు పొయ్యిల మీద గంట పని. ఆ మధ్యాహ్నం నూరు మంది పళ్ళేలు తుడిచినట్టు ఖాళీ అయ్యాయి. పరీక్షలు రాసి వెళ్ళిపోయేలోగా ఇంకొక్కసారి మాత్రమే చేయగలిగాం.

తర్వాత ఇంటర్, డిగ్రీ. నల్లగొండ ఎన్.జి. కాలేజీలో చేరిన మేము నలుగురం ఒకే రూంలో ఉన్నాం. రెండో ఏడు మాలో ఒకడికి ఇంటి నుంచి పైసలు ఆగిపోయాయి. నాన్నకు పనిలో దెబ్బ తగిలి మంచాన పడ్డాడు. వాడు ట్రంకు పెట్టె సర్దుకొని "పూణె పోతా, అమ్మ ఒక్కతే ఎంత మోస్తది" అన్నాడు. మా దగ్గరా పైసలు లేవు. ఉన్నది ఒక కిరసనాయిలు స్టవ్వు, ఒక కడాయి. "కిరాయి మేము చూసుకుంటం, నువ్వు వండు" అన్నాం. రాత్రి అంగడి ఎత్తేసే వేళకు పోతే గోబిగడ్డలు సగం ధరకు ఇచ్చేవాళ్ళు. వాడు వేయించేవాడు, మేము అన్నం వండేవాళ్ళం. రెండేళ్ళు అట్లా గడిచాయి. వాడు డిగ్రీ అయి, బి.ఎడ్. చేసి, ఇప్పుడు సర్కారు బడిలో పంతులు. గోబిగడ్డ గురించి రాద్దామన్నది వాడే.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మా రోజులకూ మీ రోజులకూ తేడా ఉంది. 2015 జనవరి నుంచి మీకు సన్నబియ్యం అన్నం వస్తున్నది. 2017లో మూడు నుంచి ఏడో తరగతి వారికి నెలకు 950, ఎనిమిది నుంచి పది వారికి 1100 రూపాయలుగా ఉన్న మెస్ చార్జీలు 2024లో 1330, 1540 రూపాయలయ్యాయి. మంచిదే. కానీ 1540ని ముప్పై రోజులకు పంచి చూడండి. రోజుకు యాభై ఒక్క రూపాయలు. పొద్దటి టిఫిను నుంచి రాత్రి అన్నం దాకా అందులోనే. కూర బాగా లేకుంటే తప్పకుండా అడగండి. అడగడం మీ హక్కు. అయితే మేము చేసిన తప్పు చేయకండి. "కూర బాగా లేదు" అని ఊరుకోకుండా ఎంత సరుకు వచ్చింది, ఎంతమంది వండుతున్నారు, పెద్ద కడాయిలు ఉన్నాయా అని అడగండి. లెక్క అడిగితే జవాబు ఇవ్వాల్సినవాళ్ళు జవాబు ఇస్తారు. పళ్ళెం బోర్లిస్తే ఆ కోపం పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి మీదనే పడుతుంది.

పెద్దమ్మ పని మాని చాలా ఏండ్లయింది. ఇక్కడికి దగ్గరి ఊళ్ళోనే కొడుకు దగ్గర ఉంటున్నది. మొన్న పోయి కలిశాం. చూపు తగ్గింది కానీ గొంతు విని ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచింది. ఇరవై ఏండ్లు దాచుకున్న మాట ఆమె ముందు పెట్టాం. "అప్పుడే మర్సిపోయిన బిడ్డా, పిల్లలకు ఆకలైతే అట్లనే చేస్తరు" అన్నది. ఆమె మరిచిపోయిందేమో, మేము మరవలేదు.

అందుకే ఈ వార్షికోత్సవం నాడు వంట మాది. గోబిగడ్డలు మేము తెస్తాం, మేమే కోస్తాం, మేమే వేయిస్తాం. పెద్దమ్మను తీసుకురావడానికి ఆటో మాట్లాడాం. మొదటి పంక్తిలో, మొదటి విస్తరి ముందు ఆమె కూర్చోవాలి. మేము వడ్డించాలి. మీరంతా తొందరగా రండి. కడాయిలు మాత్రం నాలుగు కావాలి, ఎడం లేకుంటే ఏపుడు కాదు.

– 2003-04 పదో తరగతి పూర్వ విద్యార్థులు