వీపున అమ్మమ్మ

మా ఇంట ఉండి డిగ్రీ చదువుకొంటున్న మనుమరాలు వీపున పచ్చబొట్టు వేయించుకొంటానన్నది. "నీకు కనబడని చోట దేనికమ్మా?" అన్నాను. "చదవడానికి మీరున్నారుగా తాతయ్యా" అన్నది. ఇక విజయవాడలోని ఆ దుకాణానికి నేనూ వెంట వెళ్ళక తప్పలేదు.

మా అమ్మ ముంజేతిపైన పచ్చబొట్టుండేది. మసిని సూదిమొనలతో పొడిచారట. నల్లని మసి చర్మం అడుగున పచ్చగా తోచడమే ఆ పేరులోని చమత్కారం. నేడు యంత్రం వచ్చినా కిటుకు అదే. పైపొర ఎప్పటికప్పుడు రాలిపోయేది గనుక సిరా దాని కిందిపొరకు చేరాలి.

పిల్ల కోరినది ఒక్కటే మాట: అమ్మమ్మ. మా శ్రీమతి కాలం చేసి రెండేళ్ళయింది.

సూదిని కొత్త పొట్లంలోంచి నా ఎదుటే తీయమన్నాను. ఆ కుర్రవాడు వీపు శుభ్రపరచి, భుజాల నడుమ ఊదారంగు అచ్చు అంటించాడు. కళ్ళజోడు సవరించుకొని చదివితే గుండె జారింది. రెండు ద్విత్వాలూ విరిగి, "అమ్‌మమ్‌మ" అని పొల్లులు నిలుచున్నాయి! ఫోనులో సరిగానే ఉన్న మాట బొమ్మలు దిద్దే సాఫ్టువేరులోకి వెళ్ళి విడిపోయిందట. యూనికోడు మిత్రులకు ఈ వ్యథ కొత్త కాదు. కాని మనం తుడిచి మళ్ళీ కొట్టగలం. వీపుకు బ్యాక్‌స్పేసు లేదు.

అచ్చు తుడిపించి, కాగితం అడిగి నేనే వ్రాశాను. ముప్పైరెండేళ్ళు నల్లబల్లమీద వ్రాసిన చేయి ఆనాడు వణికింది. తొలి మకారం తలకట్టు కాస్త వంకరపోయింది. కుర్రవాడు దిద్దుతానంటే పిల్ల ఒప్పుకోలేదు.

కండ ఉన్నచోట కబుర్లాడుతూనే ఉన్నది. సూది వెన్నెముకపైకి రాగానే మాట ఆగి, నా వేళ్ళు నలిగాయి. గంటలోపే ముగిసింది.

అసలు పని ఆ తరువాతనే. రెండు మూడు వారాలు దురద, పొట్టు. గోకరాదు, ఎండ తగలరాదు, ఈత కూడదు, వెల్లకిల పడుకోరాదు. ఎరుపు పెరిగి చీము పడితే వైద్యుని వద్దకే వెళ్ళాలి. ఏడాదిపాటు రక్తదానమూ చేయకూడదు. వీపుకు తన చేయి అందదు గనుక, సబ్బుతో చేతులు కడుక్కొని పలుచగా లేపనం పూయడం నా వంతయింది. అట్లా రోజుకు రెండుసార్లు ఆ మాట చదువుకొంటున్నాను.

అయిదవనాడు వంకర తలకట్టుమీద పొట్టు నల్లగా లేచి వేలికంటుకొంది. అక్షరమే ఊడివచ్చిందని కంగారుపడి దీపం దగ్గరకు రమ్మన్నాను. ఉన్నది.