పెద్ద అంకె, చిన్న అంకె

మా అబ్బాయి నా సెల్‌ఫోనులో వాతావరణం చెప్పే యాప్ పెట్టినప్పటినుంచీ నేను ఆకాశంకేసి చూడటం మానేశాను. మొన్న మే నెలలో మా నాన్నగారు పెన్షను పనిమీద బ్యాంకుకి బయల్దేరుతూ, "ఎండ ఎలా వుందిరా?" అన్నారు.

తెరమీద పెద్ద అంకె చూసి, "37 డిగ్రీలే, వెళ్ళి రండి," అన్నాను. గంట తిరక్కుండా ఆయన్ని ఆటోలో పడుకోబెట్టి తెచ్చారు.

ఉప్పు మజ్జిగ తాగి ఆయన తేరుకున్నాక, మా ఆవిడ ఫోను తీసి, పెద్ద అంకె కిందనున్న చిన్న అంకె చూపించింది: ఒంటికి తోచే వేడి 46!

మా కాకినాడ గాలిలో తేమ జాస్తి. తేమ ఎక్కువైతే చెమట త్వరగా ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు. పెద్ద అంకె గాలిదీ, చిన్న అంకె మనిషిదీనట!

ఇప్పుడు నాన్నగారు ఎండ సంగతి నన్ను అడగరు. కోడల్ని అడుగుతారు.