ప్రవరుని కోరిక, ఒక్క పూట మంచు

ప్రబంధాలతో పరిచయమున్న మిత్రులకు ప్రవరుని కథ కొత్త కాదు. అల్లసాని పెద్దన మనుచరిత్రలోని ఆ గృహస్థుకు హిమాలయాలను చూడాలని కోరిక. కాని నెలల తరబడి యాత్ర చేసే వీలు లేదు. ఇంట నిత్యాగ్నిహోత్రం, అతిథులు, తల్లిదండ్రులు. అందుకే సిద్ధుడిచ్చిన పాదలేపం అతనికి అంత ప్రియమైంది. వెళ్ళడం, చూడడం, వేళకు ఇల్లు చేరడం. నేటి మాటలో చెప్పాలంటే అది ఒక్క పూట విహారయాత్ర.

మూడు దశాబ్దాలకు పైగా ఈ కథను పిల్లలకు చెప్పాను. ప్రతి ఏడూ ఒకే చోట చిక్కు వచ్చేది. "మంచుకు లేపం కరగడమేమిటి మాస్టారూ?" అని ఎవరో ఒకరు లేచేవారు. వారిని తప్పుపట్టలేము. మనకు మంచు అంటే మాఘమాసపు వేకువలో గడ్డిపై మెరిసేది, లేదా చలికాలంలో దారిని మసకబార్చేది. పొగమంచుకూ, మంచుబిందువుకూ, మంచుగడ్డకూ, ఆకాశం నుండి రాలే హిమానికీ ఒకే మాటతో సరిపెట్టుకొన్నాము. ఐస్‌ఫ్రూట్‌ను ఉదాహరణగా చూపి హిమాలయాన్ని వర్ణించవలసిన ఉద్యోగం నాది.

2004లో మన నగరంలో, లోయర్ ట్యాంక్‌బండ్ వద్ద, స్నో వరల్డ్ తెరచినప్పుడు సైదాబాదు నుండి పిల్లలను తీసుకొని వెళ్ళాను. మంచును చేతితో తాకడం ఆనాడు తీరింది. దానిపై నిలబడి జారే విద్య మాత్రం తీరని ముచ్చటగానే మిగిలింది. ఆ విద్యకు పేరు స్కీ. పాత నార్వే భాషలో చీల్చిన కర్రముక్క అని అర్థం. నేటికీ ఆ దేశస్థులు దానిని 'షీ' అని పలుకుతారు.

మన దేశంలో స్కీ నేర్వాలంటే ఔలీకో, గుల్‌మార్గ్‌కో పోవాలి. ఔలీకి ఢిల్లీ మీదుగా డెహ్రాడూన్, అక్కడి నుండి పగలంతా కొండదారిలో జోషీమఠం, ఆపైన ఇంకా ఎక్కాలి. గుల్‌మార్గ్ శ్రీనగర్ నుండి సుమారు 50 కిలోమీటర్లు. రాకపోకలూ నేర్చుకోవడమూ కలిపితే వారం పైమాటే. మా అమ్మగారికి 88 ఏళ్ళు. సాయంసంధ్య వేళ ఆమెకు మందులిచ్చేది నేను. ఆ వేళకు నేను కనబడకపోతే వాకిట్లోకి వచ్చి కూర్చుంటుంది. ఇటువంటి ఇంటివానికి వారం రోజుల మంచు విహారం పంచాంగంలో లేని పండుగ.

ఆమధ్య దుబాయిలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయిని చూడడానికి అయిదు రోజులు వీలు చిక్కింది. ఖమ్మం నుండి మా చెల్లెలు వచ్చి అమ్మ వద్ద ఉన్నది. ఆ అయిదింటిలో ఒక పూట స్కీ దుబాయి చూశాను. మాల్ ఆఫ్ ది ఎమిరేట్స్ అనే బజారు లోపల 2005లో కట్టిన మంచుకొండ అది. ఎత్తు సుమారు 85 మీటర్లు. అన్నిటికన్న పొడవైన జారుదారి 400 మీటర్లు. బయట ఎడారి ఎండ, లోపల సున్నాకు ఒకటి రెండు డిగ్రీలు దిగువన చలి. రాత్రివేళ చలిని మరింత పెంచి, గొట్టాలతో నీటిని సన్నగా చిమ్ముతారు. ఆ తుంపరలు గాలిలోనే గడ్డకట్టి హిమమై రాలుతాయి. చొక్కా, లాగు, బూట్లు, పలకలు అన్నీ అక్కడే అద్దెకిస్తారు. సామాను మోత లేదు.

నాకు నేర్పినవాడు మా అబ్బాయి కన్న చిన్నవాడు. మొదటి పాఠం జారడం కాదు, ఆగడం. పలకల ముందు కొనలు దగ్గరికి, మడమలు దూరంగా. నాగలి ఆకారం వస్తే వేగం తగ్గుతుంది. చిన్న వాలుపై ఆరుసార్లు దిగాను, మూడుసార్లు కూలబడ్డాను. ఏడవసారి నేను అనుకొన్నచోట ఆగాను. వయస్సు అరవై దాటిన తరువాత శరీరం కొత్త మాట ఒకటి పలకడం అపురూపమే.

పలకల అడుగున మైనం పూస్తారని అక్కడే తెలిసింది. పలక రాపిడికి మంచు రవ్వంత కరిగి పలుచని నీటిపొర ఏర్పడుతుంది. మైనం ఆ నీటిని అంటనీయక పలకను జారనిస్తుంది. ప్రవరుని లేపం మంచుకు కరిగి అతనిని నిలిపివేసింది. ఈ లేపం మంచు కరిగితేనే పనిచేస్తుంది. ఇన్నేళ్ళ పాఠానికి దొరికిన ఈ వ్యాఖ్యానాన్ని ఏ తరగతిలోనూ చెప్పలేకపోయానే అన్నదొక్కటే వెలితి.

కొండ దాకా పోలేనివారి ముచ్చట కొత్తది కాదు. 1927లోనే వియన్నాలో, వాడుకలో లేని రైల్వేస్టేషనులో కృత్రిమ మంచు పరచి జారారు. 2019 డిసెంబరులో న్యూజెర్సీలోని ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లో ఇటువంటిదే బిగ్ స్నో తెరచారు. ఎడిసన్ ప్రాంతంలో పిల్లల వద్దకు వెళ్ళే మన తల్లిదండ్రులకు అది ఒక పూట పని. వెళ్ళేవారికి నా సలహా ఇంతే: సెలవు రోజు కాక పనిరోజు ఉదయం పోండి, గురువు లేక వాలు ఎక్కకండి, రెండు గంటలకు మించకండి. మోకాళ్ళు బాగోకుంటే ముందు వైద్యుని అడగండి.

ఇది హిమాలయం కాదు. పైన ఆకాశం లేదు, పైకప్పు ఉన్నది. లోయ లేదు, దేవదారు గాలి లేదు. సగం కోరికే తీరింది. అయితే సగం తీరినదాన్ని తీరలేదని అనడం ఇల్లు విడిచి కదలలేనివారికి అన్యాయం. ముసలివారి కోసమో, రోగి కోసమో గడప దాటలేనివారు మన వీధివీధినా ఉన్నారు. వారికి కొండ మొత్తం దొరకదు. దొరికిన వాలునే తక్కువ చేసి చూడవద్దని నా మనవి. ప్రవరుడు కూడ, తాను కనబడక తండ్రి ఊరంతా వెదకుతున్నాడేమో, తల్లి ఎంత బెంగపడుతున్నదో అని మంచుకొండల నడుమ నిలబడి తపించాడు. పెద్దన ఆ తపనను ఎగతాళి చేయలేదు.

ఆ సాయంత్రం అమ్మకు ఫోను చేసి మంచుమీద జారానని చెప్పాను. "జలుబు చేస్తుంది, తల తుడుచుకో నాయనా. ఎప్పుడొస్తున్నావు?" అన్నది. ఎల్లుండి సంధ్యవేళకు ఉంటానన్నాను. ఉన్నాను.