తలంటి నూనె, చర్మపు జిడ్డు

గోసాని నువాగాములోని మా యింట నువ్వుల నూనె గిన్నె లేని పండుగ లేదు. నరక చతుర్దశినాడు తెల్లవారక మునుపే మా యమ్మ మమ్ము పీటపై కూర్చుండబెట్టి, మాడుకు నూనె పెట్టి, ఒడలంతయు మర్దించి, సున్నిపిండితో నలుగు పెట్టెడిది. గోడ కవతల ఒడియా వారింట ఆవనూనె. 1936లో గంజాము ఒడిశాలో చేరినను, నూనెల సరిహద్దు మాత్రము మా గోడవద్దనే నిలిచియుండెను.

అమ్మకు ఎనుబదియేండ్లు దాటిన పిమ్మట ఒక శీతకాలమున పిక్కలపై చర్మము పొట్టు రేగి, పగిలి, నెత్తురు కనబడెను. జిడ్డు తగిలిన చాలునని తలచి, పొరుగింటి మావుసి ప్రేమతో నిచ్చిన ఆవనూనెను ఆ పగుళ్లపైననే గట్టిగా రుద్దితిమి. "ఒరే, మండుతోందిరా!" అనెను. మేము మానలేదు. ఆ మాట నేటికిని మమ్ము కలచుచున్నది.

వైద్యుడు మందలించిన పిదప చదివి తెలిసికొంటిమి. చర్మమున జిడ్డు రెండు విధములు. గ్రంథులనుండి ఊరి పైకి వచ్చునది ఒకటి. ట్రైగ్లిజరైడులు, మైనపు ఎస్టరులు, స్క్వాలీను దానిలోనివి. రెండవది పైపొర కణముల నడుమ, ఇటుకల మధ్య సున్నమువలె నుండు సెరమైడులు, కొలెస్టరాలు, కొవ్వు ఆమ్లములు. ఒంటి తడిని లోన నిలుపునది ముఖ్యముగా నిదియే. వార్ధక్యమున రెండును తగ్గును. పిక్కలపై గ్రంథులు మొదటినుండియు తక్కువే.

మనము రాసిన నూనె పైజిడ్డుతో కలిసి, కొంత ఆ సందులలోనికి దిగును. ఒలీయికామ్లము మిక్కుటమైనచో ఆ సున్నమును సడలించును. లినొలీయికామ్లమును చర్మము తన సెరమైడుల నిర్మాణమునకు వాడుకొనును. 2013లో ఇంగ్లండున వెలువడిన యొక పరిశోధనలో, కొన్ని వారములు ఆలివు నూనె రాసిన పెద్దల చర్మము బలహీనపడెను. ప్రొద్దుతిరుగుడు నూనె అట్లు చెరుపలేదు. నువ్వుల నూనెలో ఆ రెండామ్లములును ఇంచుమించు సమానమే. కావున మా పక్షమే గెలిచినదనుటకు వీలులేదు! ఆవనూనె ఘాటు మాత్రము పగిలిన చర్మమునకు పగయే.

సబ్బు తగ్గించి, గోరువెచ్చని నీట స్నానము చేయించి, తడి పూర్తిగా ఆరకమునుపే పెట్రోలియం జెల్లీ పలుచగా రాసితిమి. సున్నిపిండి రాసిన నూనెతోపాటు ఉన్న కొద్ది జిడ్డును గూడ ఊడ్చుకొనిపోవునని దానిని మాన్పింపబోతిమి. "నలుగు లేని తలంటేమిటిరా?" అని అమ్మ అలిగెను. పండుగనాటికి మాత్రము చారెడు పిండికి రాజీపడితిమి. కొన్ని వారములకు పగుళ్లు మానెను.

మావుసికి ఈ సంగతి చెప్పుటకు మాకు నోరు రాలేదు. మరుసటి వేసవిలో ఆమె యిచ్చిన సీసాతో అమ్మ మామిడికాయ ఊరగాయ పెట్టి, మొదటి జాడీ గోడ కవతలికే పంపెను.